మగ్గంతో మొదలైన మా ఇంటి బండి

మూడు రోజులుగా మా ఇంట్లో అన్నాల దగ్గర ఒకటే గొడవ. కారు కొనాలి. కొనాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. మా పెద్దమ్మాయికి కొత్తగూడెంలో ఉద్యోగం వచ్చింది. రోజూ బూర్గంపాడు నుంచి పాల్వంచ మీదుగా పోయి రావాలి. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు ఎలా పోతాయో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తనే నడుపుకుంటానంది, సరేనన్నాం. పేచీ అంతా ఏ కారు అన్న దగ్గరే.

"మనింటికి మారుతీ అచ్చొచ్చిందమ్మా. ఇంకోటి ఎందుకు?" అన్నారు మామయ్య.

"దానికి ఎన్ని స్టార్లు వచ్చినయో చూద్దాం తాతయ్యా" అంది ఇది.

"స్టార్లేందే, అదేమన్నా హోటలా?"

అందరం నవ్వాం. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మామయ్య అన్నదీ నిజమే, పిల్ల అడిగిందీ న్యాయమే. ఇద్దరూ ఒకే బండి గురించి మాట్లాడుతున్నారు కానీ మామయ్య వెనక్కి చూస్తున్నారు, అమ్మాయి ముందుకి చూస్తోంది. మధ్యలో నేను. అందుకే ఈ పేరు మన ఇళ్ళల్లోకి ఎలా వచ్చిందో, ఎందుకంత నమ్మామో తీరిగ్గా చదువుకుంటూ కూర్చున్నా. చదివిందీ, మా ఇంట్లో జరిగిందీ కలిపి చెబుతా.

ముందు మా ఇంటి సంగతి. మామయ్య 1997లో ఒక పాత మారుతీ వ్యాను కొన్నారు. తెల్లది, ఏపీ 20 నంబరుది. నేను కాపురానికి వచ్చేసరికే అది ఇంట్లో మనిషి. పెళ్ళి చూపులకి అదే, మిర్చి బస్తాలకి అదే, ముక్కోటికి భద్రాచలం పోవాలన్నా అదే. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి అత్తయ్య పులిహోర డబ్బా మూత తీసేవారు. సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుపోయేది ఎప్పుడూ ఆ వ్యానులోనే కాబట్టి, మా మరిది దాన్ని "కిడ్నాప్ బండి" అని ఏడిపించేవాడు.

2003 ఆగస్టులో, జోరువానలో, అర్ధరాత్రి నాకు నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి 108 లేదు. ఆ అంబులెన్సులు మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న. మామయ్యే వ్యాను తీశారు. వెనక నేను అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నా. కాళ్ళ దగ్గర మా ఆడపడుచు, ముందు సీట్లో మా వారు లాంతరు, ఫ్లాస్కు పట్టుకుని. సీటు బెల్టు అన్న మాట మాలో ఒక్కరికీ తోచలేదు. భద్రాచలం చేరిన రెండు గంటలకి మా పెద్దమ్మాయి పుట్టింది. ఇవాళ స్టార్లు అడుగుతున్న పిల్ల అదే! అందుకే మామయ్యకి ఆ పేరంటే అంత ఇది. తప్పు పట్టగలమా?

మారుతీ వెనకున్న జపాన్ పేరు సుజుకి. ఆ కంపెనీ కారుతో మొదలవ్వలేదు, మగ్గంతో మొదలైంది. హమామత్సు అనే ఊళ్ళో మిచియో సుజుకి అనే వడ్రంగి ఉండేవాడు. ఆ చుట్టుపక్కల అప్పట్లో పత్తి పండేది, ఇంటింటా నేత ఉండేది. వాళ్ళమ్మ కూడా నేసేది. ఆమె కష్టం తగ్గేలా ఆయన ఒక మగ్గం తయారుచేసి ఇచ్చాడు. ఇరుగుపొరుగు చూసి మాకూ కావాలన్నారు. అలా 1909లో మగ్గాల కార్ఖానా పెట్టాడు. ఇంకో జపాన్ కంపెనీ టయోటా కథా ఇలాంటిదే. దాని మూలపురుషుడు సాకిచీ టయోడా కూడా మగ్గాలు కనిపెట్టిన మనిషే. ఆ మగ్గాల సంపాదనే ఆయన కొడుకు కార్లు చేయడానికి ఆసరా అయింది.

ఇది చదువుతుంటే నాకు మన చింతకింది మల్లేశం గుర్తొచ్చారు. పోచంపల్లి చీరలకి ఆసు పోసీ పోసీ తల్లి లక్ష్మమ్మ భుజాలు పడిపోతుంటే చూడలేక, చదువు పెద్దగా లేకపోయినా ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఎక్కడి జపాన్, ఎక్కడి ఆలేరు! అమ్మ చేతుల నొప్పి చూసి యంత్రం చేసిన కొడుకులు రెండు చోట్లా ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మగ్గాలకి గిరాకీ పడిపోయింది. సుజుకి వాళ్ళు 1952లో సైకిలుకి బిగించే చిన్న ఇంజను చేశారు. 1955లో సుజులైట్ అనే బుల్లి కారు చేశారు. జపాన్‌లో ఇరుకు వీధుల కోసం, తక్కువ పన్ను కోసం చిన్న కార్లకి ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది. వీళ్ళు ఆ తరగతిలోనే ఆరితేరారు. 1979లో ఆల్టో అనే కారుని 4 లక్షల 70 వేల యెన్‌లకే అమ్మితే జనం ఎగబడ్డారు.

మీకు నచ్చే ముచ్చట ఇంకోటి. ఆ కంపెనీని నడిపింది వరసగా ముగ్గురు ఇల్లరికపు అల్లుళ్ళు! మిచియో తర్వాత పగ్గాలు పట్టిన ముగ్గురూ ఆ ఇంటికి అల్లుళ్ళుగా వచ్చి ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళే. మూడో ఆయన ఒసాము. అసలు ఇంటిపేరు మత్సుదా. బ్యాంకులో పనిచేసేవాడు. మిచియో మనవరాలిని చేసుకుని 1958లో కంపెనీలో చేరాడు, 1978లో అధ్యక్షుడయ్యాడు. మన దేశంలో ఇల్లరికం అంటే వెనక నుంచి నవ్వుతారు. అక్కడ ఆ అల్లుడే మన దేశపు రోడ్ల రూపు మార్చేశాడు.

ఇక్కడ మారుతీ కథ వేరేగా మొదలైంది. సంజయ్ గాంధీ 1971లో మారుతీ పేరుతో కంపెనీ పెట్టారు కానీ జనం కొనే కారు బయటికి రాలేదు. ఆయన 1980లో పోయాక ప్రభుత్వం దాన్ని తీసుకుని 1981లో మారుతీ ఉద్యోగ్ పెట్టింది. అప్పట్లో కారంటే అంబాసిడర్, లేదంటే ప్రీమియర్ పద్మిని. డబ్బు కట్టినా ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. మనవాళ్ళు తోడు కోసం ఎన్నో విదేశీ కంపెనీలతో మాట్లాడి, చివరికి 1982 అక్టోబర్ 2న సుజుకితో ఒప్పందం రాసుకున్నారు. మొదట సుజుకి వాటా 26 శాతమే. పద్నాలుగు నెలల్లో, 1983 డిసెంబర్ 14న, ఇందిరా గాంధీ మొదటి మారుతీ 800 తాళాలు ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి చేతిలో పెట్టారు. అప్పుడు ధర దాదాపు 50 వేల రూపాయలు. మరుసటి ఏడాది వ్యాను వచ్చింది. తర్వాత దానికి ఓమ్ని అని పేరు పెట్టారు. మనకి మాత్రం అది ఎప్పటికీ మారుతీ వ్యానే.

గుర్గావ్ ఫ్యాక్టరీలో పెద్ద ఆఫీసర్లకీ కార్మికులకీ ఒకటే యూనిఫారం, ఒకటే క్యాంటీన్, పొద్దున్నే అందరూ కలిసి వ్యాయామం. పళ్ళెం పట్టుకుని మేనేజరు కూడా వరసలో నిలబడటం మనవాళ్ళకి అప్పట్లో వింత. ఇవన్నీ జపాన్ నుంచి వచ్చిన పద్ధతులు. బండి మాటిమాటికీ ఆగిపోకపోవడం వెనక ఈ శుభ్రం, ఈ క్రమం కూడా ఉన్నాయంటారు.

పేరు కలిసొచ్చిందన్నది మాత్రం అత్తయ్య మాట. మారుతి అంటే హనుమంతుడు. బూర్గంపాడు నుంచి మారుతీ ఎక్కి భద్రాచలం రాముడి దగ్గరికి పోతుంటే ఇంకేం కావాలి అనేవారు ఆవిడ. డాష్‌బోర్డు మీద అంజనేయస్వామి బొమ్మ, దాని పక్కనే జపాన్ వాళ్ళ 'ఎస్' గుర్తు. మా వ్యానులో ఇద్దరూ కలిసే ప్రయాణం చేశారు.

కానీ పేరు ఊరికే నిలవదు కదా. మా ఊరికి షోరూము లేదు. బండి ఆగితే మా సెంటర్లో చెట్టు కింద మెకానిక్కే దిక్కు. ఆయనకి ఆ ఇంజను కళ్ళు మూసుకుని విప్పడం వచ్చు. సామాను భద్రాచలంలో దొరుకుతుంది, లేకపోతే కొత్తగూడెంలో. ధర మన చేతికందేంత. పెట్రోలు తక్కువ తాగుతుంది. అమ్మేద్దామంటే మర్నాడే కొనేవాడు వస్తాడు. పల్లెటూళ్ళో నమ్మకం అంటే ఇదే అక్కలూ. ప్రకటనలు చూసి వచ్చింది కాదు. అడవి దారిలో చీకటి పడ్డాక బండి ఆగితే ఎవరో ఒకరు బాగుచేయగలరన్న ధైర్యం అది. అదే సుజుకి అమెరికాలో నిలవలేక 2012లో అక్కడ కార్లు అమ్మడం మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఒక ఊళ్ళో బంగారం అనిపించుకున్న కోడలు ఇంకో ఊళ్ళో ఇమడకపోవచ్చు. పేరు అన్నది వస్తువులోనే ఉండదు, వాడేవాళ్ళ అవసరంలో కూడా ఉంటుంది.

ఇంకో సంగతి మనకి సంబంధించింది. చిన్న బండి, తేలిక స్టీరింగు. డ్రైవింగ్ స్కూళ్ళలో ఎక్కడ చూసినా మారుతీ 800లే ఉండేవి. నేను పాల్వంచలో నేర్చుకున్నదీ దాని మీదే. అంబాసిడర్ గేరు వేయడానికి మా నాన్న భుజం మొత్తం తిప్పేవారు. 800లో నా గాజుల చెయ్యి చాలింది. మొదటిసారి ఒక్కదాన్నే సారపాక సంతకి పోయి కూరగాయలు తెచ్చిన రోజు, వంకాయలు పుచ్చులున్నా ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు!

ఇంతవరకూ మామయ్య వైపు కథ. ఇక మా అమ్మాయి వైపు.

2014 జనవరిలో రెండు సంగతులు జరిగాయి. ముప్పై ఏళ్ళు నడిచిన మారుతీ 800 తయారీ ఆగిపోయింది. అదే నెల చివర్లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు చిన్న కార్లని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసి ఫలితాలు చెప్పింది. ఐదు రకాల కార్లు పరీక్షించారు. ఎయిర్‌బ్యాగులు లేకుండా ఐదింటికీ వచ్చింది సున్నా. అందులో ఆల్టో 800 ఒకటి. ఆ ఏడాది నవంబరులో స్విఫ్ట్‌కీ సున్నాయే. ఐరోపాలో ఎయిర్‌బ్యాగులన్నీ పెట్టి అమ్మిన స్విఫ్ట్‌కి 2010లోనే అక్కడి పరీక్షలో ఐదు స్టార్లు వచ్చాయి.

ఈ ముక్క దగ్గర నేను ఆగిపోయా. ఒకే పేరు. అక్కడి పిల్లకి ఐదు, ఇక్కడి పిల్లకి సున్నా. ఇక్కడ చవకగా కావాలన్నారు కాబట్టి అలా ఇచ్చామన్నది కంపెనీల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. మనం షోరూముకి పోయి ఏం అడిగాం? లీటరుకి ఎంతిస్తుంది అని అడిగాం. రంగులు అడిగాం. సీటు కవర్లు ఊరికే ఇస్తారా అని అడిగాం. గుద్దుకుంటే మా పిల్లలు బతుకుతారా అని అడగలేదు. చీర కొనేటప్పుడు అంచు తిప్పి, రంగు పోతుందేమో తడిపి చూసే మనం, పిల్లల్ని కూర్చోబెట్టే బండి రేకు ఎంత గట్టిదో అడగలేదు. మనం అడగకపోయినా పెట్టాల్సిన బాధ్యత చేసేవాడిదే. కానీ అడిగితే ముందే వచ్చేదేమో.

పేరు గురించి చెప్పేటప్పుడు ఇంకో చేదు పేజీ కూడా తిప్పకుండా ఉండలేను. 2011లో మానేసర్ ఫ్యాక్టరీలో కార్మికుల సమ్మెలు జరిగాయి. 2012 జూలై 18న గొడవ చెలరేగి, నిప్పంటుకుని ఒక మేనేజరు చనిపోయారు. వందమందికి పైగా కార్మికులు ఏళ్ళపాటు జైల్లో ఉన్నారు. 2017లో కోర్టు 13 మందికి యావజ్జీవం వేసింది, 117 మందిని నిర్దోషులని వదిలేసింది. అందరికీ ఒకటే క్యాంటీన్ అని మొదలైన చోటే ఇదీ జరిగింది. చచ్చిపోయినాయన ఇంట్లోనూ, నిర్దోషులై తిరిగొచ్చిన వాళ్ళ ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళున్నారు. మంచి పేరు ఒకసారి సంపాదించి బీరువాలో దాచుకునేది కాదని నాకు ఇది చదివాకే అర్థమైంది.

తర్వాత చట్టాలు మారాయి. 2019 జూలై నుంచి డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. ఆ తర్వాత పక్క సీటుకీ వచ్చింది. కొత్త భద్రతా నియమాలు వస్తున్నాయని మన వ్యాను, అదే ఓమ్ని, 2019లో ఆగిపోయింది. దాంట్లో ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. అంటే నడిపేవాడి మోకాళ్ళకీ రోడ్డుకీ మధ్య ఒక రేకే. ఆ అర్ధరాత్రి మామయ్య ఆ రేకు వెనకే కూర్చుని, వానలో లారీల మధ్య నన్ను భద్రాచలం చేర్చారు. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

స్టార్లు మాత్రం వెంటనే పెరగలేదు. 2023లో కూడా వ్యాగనార్‌కి ఒకటి, ఆల్టో కే10కి రెండే వచ్చాయి. 2023 అక్టోబర్ నుంచి మన దేశానికే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష మొదలైంది. 2024 నవంబరులో కొత్త డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు వచ్చాయి. ఆ కంపెనీకి అదే మొదటిసారి. 2025లో ఆల్టో, వ్యాగనార్ లాంటి చిన్న కార్లకి కూడా ఆరేసి ఎయిర్‌బ్యాగులు పెట్టారు. ఒసాము సుజుకి 2024 డిసెంబర్ 25న, 94 ఏళ్ళ వయసులో పోయారు. మరుసటి నెలలో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆయన పోయే ముందు నెలలో ఆ ఐదు స్టార్లు రావడం నాకెందుకో గుర్తుండిపోయింది.

ఇవన్నీ నాలుగో రోజు రాత్రి మామయ్యకి చెప్పా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గోదావరి గురించి ఎత్తుకున్నారు.

"1986లో నీళ్ళొచ్చినప్పుడు ఎడ్లబండి మీద మీ అత్తయ్యని, పిల్లల్ని ఎక్కించుకుని పోయిన. 2022లో వచ్చినప్పుడు వ్యాను ఉంది. మూడు ట్రిప్పులు కొట్టి వీధిలో ముసలోళ్ళందర్నీ మెరక మీదికి చేర్చిన. ఆ బండి మేలు ఎట్ల మరుస్త?"

మరవక్కర్లేదు. 1986లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. ఆ రెండో వరదలో వంతెన మీద రాకపోకలు కూడా ఆపేశారు. అయినా నేనొక మాట అడిగా.

"మామయ్యా, 86 వరద తర్వాత మీరు ఎడ్లబండి మీద ప్రేమ మానుకున్నారా?"

"లేదు."

"మరి మళ్ళీ ఎడ్లబండే కొన్నారా?"

ఆయన నవ్వేశారు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నారు. అంటే మా మామయ్య భాషలో ఒప్పుకున్నట్టు.

మర్నాడు అమ్మాయి, నేను కలిసి ఒక కాగితం రాసుకున్నాం. ఎయిర్‌బ్యాగులు ఎన్ని? పరీక్షలో పెద్దవాళ్ళకి ఎన్ని స్టార్లు, పిల్లలకి ఎన్ని? వెనక సీట్లో మధ్యలో కూర్చునే మనిషికి కూడా మూడు చోట్ల పట్టుకునే బెల్టు ఉందా? పసిపిల్లల సీటు బిగించే కొక్కేలు ఉన్నాయా? ఆ తర్వాతే మైలేజీ, ఆ తర్వాతే రంగు. వెనక సీటు గురించి ముఖ్యంగా రాశాం. ఎందుకంటే వెనక కూర్చునేది మనమే, ఒళ్ళో పిల్లలతో. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది ఖరీదైన కారు వెనక సీట్లోనే. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

ఆ కాగితం పట్టుకుని మూడు కంపెనీల షోరూములకి పోయాం. ఒకచోట కుర్రాడు నన్ను వదిలేసి మా వారికే అన్నీ చెబుతుంటే, మా వారు "నాకు కాదు బాబూ, ఆమెకి చెప్పు, కాగితం ఆమె దగ్గరుంది" అన్నారు. చివరికి కొన్నది మామయ్య చెప్పిన కంపెనీదే. కానీ మామయ్య చెప్పారని కొనలేదు. కాగితంలో అడిగినవాటికి జవాబులొచ్చాయి కాబట్టి కొన్నాం. రేపు చిన్నదానికి కొనేటప్పుడు వేరే కంపెనీ బాగా జవాబు చెబితే అదే కొంటాం. పాత మేలుకి రుణపడి ఉండటం వేరు, కొత్త ప్రయాణానికి పిల్లల్ని అప్పగించడం వేరు.

పాత వ్యానుని పాత సామాను వాళ్ళు తీసుకుపోయిన రోజు అత్తయ్య దానికి బొట్టు పెట్టారు. డాష్‌బోర్డు మీది ఆంజనేయస్వామిని మామయ్య తీసి కొత్త కారులో పెట్టబోతే, అమ్మాయి ఆపింది. "అక్కడ ఎయిర్‌బ్యాగు ఉంది తాతయ్యా, అది తెరుచుకుంటే స్వామి ఎగిరి మన మొహాన కొడతాడు." దాంతో స్వామి ఇంట్లో పూజగదికి చేరారు.

మొదటి ప్రయాణం భద్రాచలమే. అమ్మాయి నడుపుతోంది. వెనక అత్తయ్య, నేను, మధ్యలో చిన్నది. సారపాక దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా అత్తయ్య పులిహోర డబ్బా కోసం ముందుకి వంగబోయారు, బెల్టు పట్టేసింది. "ఇదేందే, నన్ను కట్టేసింది!" అన్నారు.

ముందు సీట్లోంచి మామయ్య వెనక్కి తిరక్కుండానే అన్నారు: "ఉండనియ్యి. అది ఉంటేనే స్టార్లు వస్తయంట."